అరణం వెంట వచ్చిన కుక్క

నా పెండ్లిలో మా బాపు అరణం కింద పాడి బర్రెనిచ్చాడు. కుక్కను ఇవ్వలేదు. అది తనంతట తానే వచ్చింది. కామారెడ్డిలో మా ఇంటి కొట్టంలో ఆ బర్రె కాళ్ల దగ్గర పడుకొని పెరిగిన కుక్క అది. బర్రెను బండి వెనక కట్టి ఎల్లారెడ్డి దారి పట్టించగానే, తనను కూడా అత్తగారింటికి పంపుతున్నారనుకుందేమో, వెంట నడిచింది. ఎంత అదిలించినా మళ్లలేదు. అత్తగారింటి గడప ముందు మాకు దిష్టి తీస్తుంటే నా పక్కనే నిలబడి ఎర్రనీళ్ల పళ్లెంలో మూతి పెట్టింది.

"మా వియ్యంకుడు గొప్పోడే. బర్రెనిస్తనని కుక్కను గూడ తోలిండు," అంది మా అత్త.

ఆ మాట ఊరంతా పాకింది. బావి దగ్గర నీళ్లు చేదుకునే ఆడవాళ్లు "మీ అరణపు కుక్క పాలిస్తదా" అని నన్ను అడిగేవాళ్లు. "ఇస్తది, ముంతలు పట్టుకొని రాండ్రి" అనేదాన్ని. పుట్టింట్లో నాకు నోరున్న పిల్ల అని పేరు. ఆ పేరును అత్తగారింట్లో ఎక్కువ రోజులు దాచలేకపోయాను.

మామ ముందు మాత్రం ఆ నోరు మూతపడాల్సిందే. ఆ రోజుల్లో మా దిక్కు కోడలు మామకు ఎదురుపడదు, ఆయనతో మాట్లాడదు. ఆయన దగ్గుతూ వాకిట్లోకి వచ్చేవాడు. ఆ దగ్గు వినగానే నేను కొంగు తలమీదికి లాక్కుని తలుపు చాటుకు పోయేదాన్ని. తప్పనిసరిగా ఏదైనా చెప్పాల్సి వస్తే గోడకో, దూడకో చెప్పాలి. ఆయన విని, జవాబు కూడా వాటికే చెప్పేవాడు. గోడలకు చెవులుంటాయని అందరికీ తెలుసు. మా ఇంట్లో గోడలకు పెత్తనం కూడా ఉండేది.

నేను కాపురానికి వచ్చిన మరుసటి ఏడు మామకు కడుపులో మంట మొదలైంది. హకీము వచ్చి నాడి పట్టి చూసి, పరగడుపున చెంబెడు పాలు తాగమన్నాడు. ఆయనకు పాలంటే పసితనం నుంచీ వెగటు. పాల వాసన వస్తే అన్నం ముందు నుంచి లేచిపోయే మనిషి. అయినా హకీము మాట, దానికి మించి అత్త మాట. పొద్దున్నే అత్త పాలు గోరువెచ్చగా కాచి చెంబు చేతికిస్తే, పట్టుకొని కొట్టం దిక్కు నడిచేవాడు. కాసేపటికి రుమాలు కొసతో మీసం తుడుచుకుంటూ ఖాళీ చెంబుతో వచ్చేవాడు.

"తాగినవా?"

"తాగిన."

మంట ఏమాత్రం తగ్గలేదు. పాలు చాలడం లేదని అత్త చిన్న చెంబు తీసి పెద్ద చెంబు పెట్టింది.

ఆ ఏడే కుక్కకు దురద పట్టుకుంది. ముందు చెవులు, తర్వాత పొట్ట, ఆ తర్వాత తోక మొదలు. పొట్ట కింద ఎర్రగా కందిపోయింది. తోక దగ్గర వెంట్రుకలు రాలి చర్మం బయటపడింది. గోడకు వీపు రాస్తే సున్నం రాలేది. గోకి గోకి అలిసిపోయి నమలడం మొదలుపెట్టింది. మామ కిర్రు చెప్పులు నమిలింది. చెర్నాకోల తోలు నమిలింది. ఆరేసిన రుమాలు సగం నమిలింది. ఏదీ దొరక్కపోతే తన ముందు కాళ్లనే వేళ్ల సందుల్లో పండ్లు పెట్టి, తడిసి ముద్దయ్యేదాకా నమిలేది.

గజ్జి అన్నారు అందరూ. అత్త వేపనూనె రాసింది. మా జీతగాడు, మామ ఈడు మనిషి, గానుగనూనెలో గంధకం కలిపి పూశాడు. నేను పసుపు పట్టించాను. నల్ల కుక్క కాస్తా పచ్చగా అయి వాకిట్లో తిరుగుతుంటే అత్త చూసి, "ఇగ బాసింగం గూడ కట్టు, పెండ్లి చేద్దం" అంది. రాసిందంతా అది నాకేసేది. మా ఇంటి చుట్టుపక్కల గాలి కూడా వేపనూనె కంపు కొట్టేది.

ఎండకాలం వచ్చేసరికి బర్రె ఒట్టిపోయింది. పొరుగింటి నుంచి పాలు తెప్పిస్తానని అత్త అంటే మామ ఒప్పుకోలేదు. "ఇంటి బర్రె పాలే తాగాలన్నడు హకీము. ఊరోల్ల పాలు నాకు పడయి," అన్నాడు. హకీము ఆ మాట అనడం మేమెవరం వినలేదు. మామ ముఖంలో మాత్రం ఆ ఎండల్లో కూడా ఒక కళ వచ్చింది. అదే ఎండల్లో కుక్క దురద కూడా తగ్గింది. తోక మొదట్లో వెంట్రుకలు మొలిచాయి. నా వేపనూనె అంది అత్త. నా గంధకం అన్నాడు జీతగాడు. పసుపు సంగతి నేను ఎత్తలేదు కానీ, మనసులో ఆ గొప్పంతా నాదే అనుకున్నాను.

వానలు పడ్డాక బర్రె ఈనింది. జున్ను వండుకున్నాం. మామ చెంబు మళ్లీ కొట్టం దిక్కు నడిచింది. కుక్క మళ్లీ గోక్కోవడం మొదలుపెట్టింది. నూనెలన్నీ మళ్లీ దిగాయి, ఈసారి ఏదీ పనిచేయలేదు.

అప్పుడే పంటలు చూసి శిస్తు లెక్క రాసే సర్కారు గిర్దావరు మా ఇంటికి వచ్చాడు. కొత్త బూట్లు అరుగు కింద విడిచి, మామ పక్కన కూచొని సల్ల తాగాడు. లేచి చూస్తే ఒకటే బూటుంది. రెండోది కొట్టంలో దొరికింది, ముందు భాగమంతా పీచులు పీచులై. పాపం, గిర్దావరు మా మామ చెప్పులు తొడుక్కొని పోవాల్సి వచ్చింది. వాటికీ పండ్ల గాట్లున్నాయి.

మామకు తల కొట్టేసినట్టయింది. అత్త మాత్రం బూటు మాట ఎత్తలేదు. ఆమె భయం వేరు. నాకప్పుడు మూడో నెల.

"దూడకంటుకున్నా సైస్త. రేపు పసిబిడ్డ పారాడే ఇల్లు. గజ్జికుక్కను ఉంచుకుంటమా? పొద్దుగాల బండి కట్టి పోచారం అడివిల ఇడిసిపెట్టి రండి," అంది.

ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. కానీ పోచారం అడవిలో చిరుతలుండేవి. ఇంటి అన్నం తిని పెరిగిన కుక్కను అక్కడ వదలడమంటే, మనం కొట్టకుండా చిరుతతో కొట్టించడం. కామారెడ్డి నుంచి నాతో వచ్చిన ప్రాణాలు రెండే, ఒకటి బర్రె, ఒకటి ఇది.

ఆ సాయంత్రం దాన్ని పక్కన కూచోబెట్టుకొని పొట్ట నిమురుతుంటే మూతి నుంచి పాల వాసన వచ్చింది. దూడ దగ్గరికి దీన్ని రానీయం. ఉట్టి మీది పాలు దీనికందవు. కొట్టంలో వెతికితే గడ్డివాము వెనక ఒక కుండపెంకు కనిపించింది. దాని అంచుకు మీగడ ఎండి పట్టి ఉంది. రోజూ చెంబు పట్టుకొని ఆ దిక్కుకు పోయే మనిషి మా ఇంట్లో ఒక్కరే. పిల్లి కళ్లు మూసుకొని పాలు తాగుతుందంటారు. మా ఇంటి పిల్లి పాలు తాగకుండానే మూతి తుడుచుకుంటోంది.

అప్పుడు నాకు ఒక్కొక్కటే కలిశాయి. బర్రె పాలిచ్చిన రోజులన్నీ దీనికి గోకుడే. ఒట్టిపోయిన రోజులన్నీ హాయి. ఇది గజ్జి కాదు, దీని ఒంటికి పాలు పడటం లేదు. కొందరికి వంకాయ తింటే దురద పుట్టినట్టే ఇదీ.

తెలిసింది సరే, చెప్పేదెవరికి? అత్తకు చెబితే మామ మీద చాడీలు చెప్పిన కోడలినవుతాను. మా ఆయనకు చెబుదామంటే, తన బాపు పేరెత్తగానే నిలబడ్డచోటే వణికే మనిషి. మామకే చెబుదామంటే ఆయనతో మాట్లాడకూడదు.

తెల్లారింది. జీతగాడు ఎడ్లను కట్టి, కుక్కను బండిలోకి ఎక్కించి తాడు బిగించాడు. అత్త వాకిట్లో నిలబడి ఉంది. మామ అరుగు మీద ఉన్నాడు, చేతిలో చెంబు. ఆ రోజు చెంబు నిండుగానే ఉంది. తాగేవాళ్లు బండిలో ఉన్నారు.

నేను తలుపు చాటు నుంచి కుక్కతో మాట్లాడాను. కొంచెం గట్టిగానే మాట్లాడాను.

"పోతున్నవా? అడివిల నీకు పొద్దుగాల్ల గోరెచ్చటి పాలెవరు పోస్తరే? గా పాలే నీ ఒల్లు కరాబు చేసినయని నీకేం ఎరుక. గజ్జే అయితే, బర్రె ఒట్టిపోయిన్నాడు ఎటు పోయింది? మల్ల ఈనంగనే ఎందుకొచ్చింది? గడ్డివాము ఎన్కటి పెంకునడుగు, అది చెప్తది."

"ఏం పాలు? ఏం పెంకు? ఎవలతోని మాట్లాడుతున్నవే?" అంది అత్త.

"కుక్కతోని అత్తా."

మామ తేలు కుట్టిన దొంగలా కూచున్నాడు. చెంబులోకి చూశాడు. బండిలోకి చూశాడు. కుక్క ఆయన చేతిలోని చెంబును చూసి తోక ఊపుతోంది. వేళయిందని దానికి తెలుసు మరి. ఆయన దగ్గాడు. అరుగు దిగి, ఎద్దు మెడ మీద చెయ్యి వేసి, ఎద్దుతోనే అన్నాడు.

"బండి ఇడువుండ్రి. దానికేం రోగం లేదు. నా పాలన్ని అదే తాగింది."

అత్త ఆయన వైపు తిరిగింది.

"రోజూనా?"

"రోజూ."

"మరి మీసం తుడుసుకుంట వస్తివి?"

"తుడుసుకున్న," అన్నాడు మామ.

ఆయన అరుగు మీద ఉంటే ఊళ్లో మగవాళ్లు చెప్పులు చేతపట్టుకొని పోయేవాళ్లు. అత్త ఆ మనిషి దగ్గరికి నడిచి వెళ్లి, చెంబు వైపు చూపించి, "తాగు" అంది. ఆయన తాగాడు. వేపనూనె పట్టించినా కుక్క అంత ముఖం పెట్టలేదు. జీతగాడు నవ్వు ఆపుకోలేక ఎడ్ల వెనక్కి పోయాడు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"బతుకమ్మ పండుగ దాంక చూస్త," అంది అత్త. "అప్పటికి తగ్గకుంటే అడివికే."

అప్పటి నుంచి ఆయన రోజూ అత్త ఎదురుగా తాగాలి. కుక్క కూడా ఎదురుగానే కూచునేది, ఆశ చావక. ఒకరోజు అత్త అటు తిరిగింది. చెంబులో సగం మిగిలి ఉంది. కుక్క మూతి చాచింది. మామ చెయ్యి వంగడం తలుపు చాటు నుంచి నేను చూశాను. ఆయన చెయ్యి మళ్లీ పైకి లేచింది. "నీకు పడయి బిడ్డా," అని ఆ సగం తానే మింగాడు.

బతుకమ్మకు పూలు తెచ్చేనాటికి దాని పొట్ట ఎరుపు పోయింది, తోక మొదట్లో నల్లటి వెంట్రుకలు నిగనిగలాడాయి. చెప్పులు నమిలే అలవాటు మాత్రం పోలేదు. దానికందకుండా మామ తన చెప్పులను దూలానికి వేలాడదీసేవాడు. అత్త కుక్కను వెల్లకిలా పడుకోబెట్టి, పొట్టంతా వెతికి, "ఉండనీ" అంది. మామ ముఖం వెలిగింది.

"ఇగ నేను తాగకున్న నడుస్తది గద?"

"నువ్వు మానిన్నాడు మల్ల బండి కట్టిస్త."

అలా ఆ కుక్క బతికినంతకాలం, బర్రె పాలిచ్చినన్ని రోజులూ, ఆయన తాగాడు. కడుపులో మంట తగ్గింది. ఆ సంగతి మాత్రం ఎవరి ముందూ ఒప్పుకోలేదు. నాకు బిడ్డ పుట్టింది, పారాడింది, ఆ కుక్క చెవులు పట్టుకొని లేచి నిలబడింది. పెద్ద యుద్ధం మొదలై, కిరసనాయిలు దొరకని రోజుల్లో, కుక్క ముసలిదై కొట్టంలోనే పోయింది.

మర్నాడు పొద్దున అత్త చెంబు నింపలేదు. ఇక బలవంతపెట్టడానికి ఆమెకూ మనసు రాలేదు. మామ కొట్టం దాకా పోయి, అక్కడ కాసేపు నిలబడి, వచ్చి అరుగు మీద కూచున్నాడు. నేను తలుపు చాటున ఉన్నానని ఆయనకు తెలుసు.

"బిడ్డా, నా పాలేవి?" అన్నాడు, గోడతో కాదు, నాతోనే.

కాచి తెచ్చి చేతికిచ్చాను. ఆపకుండా తాగి, చెంబు నాకిచ్చి, ముఖం అటు తిప్పుకున్నాడు. నేను లోపలికి పోయి ఏడ్చాను.