యాదమ్మ చెప్పని తేదీ

తడిబట్ట మీద వేడి ఇస్త్రీపెట్టె ఆనగానే లేచే ఆవిరి వాసనకు నాకు యాదమ్మ గుర్తొస్తుంది. కృష్ణానగర్‌లో మా కిరాయి గదికి కింది వాటాలో ఉండేది. ఏళ్ల తరబడి ప్రసూతి వార్డులో ఆయాగా చేసి, మానేశాక సినిమా డాన్సర్ల దుస్తులు కుట్టి ఇస్త్రీ చేసి ఇచ్చేది. నేను గుంటూరు నుంచి వచ్చి హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన కొత్త. మా ఆయన సినిమాల్లో సౌండ్ అసిస్టెంటు, నెలలో సగం రోజులు అవుట్‌డోర్ షూటింగుల్లోనే. అమ్మ లేదు. కడుపుతో ఉన్న నాకు పెద్దదిక్కు ఆవిడే.

ప్రతి పనికీ గడువు రాసుకునే అలవాటు నాది. డాక్టరు చెప్పిన కాన్పు తేదీ చుట్టూ కూడా క్యాలెండర్‌లో ఎర్రసిరాతో సున్నా చుట్టాను. తొమ్మిదో నెలలో ఒక సాయంత్రం నడుం పట్టేస్తే, ఇవే నొప్పులనుకుని బ్యాగుతో ఆసుపత్రికి పరుగెత్తాను. ఇంకా టైముందని పంపేశారు. తల వంచుకుని మెట్లెక్కుతుంటే యాదమ్మ పిలిచింది.

"సిగ్గెందుకు బిడ్డా? నడిస్తే తగ్గినయా?"

"తగ్గాయండీ."

"అసలు నొప్పులు నడిచినా పండుకున్నా తగ్గవు. ఒకదానెనక ఒకటి దగ్గరికొస్తయి."

"ఇన్ని కాన్పులు చూశారు కదా, నాకెప్పుడో చెప్పండి."

నవ్వింది. "నాకు తెల్వదు. పెద్ద డాక్టరమ్మలకే తెల్వకపోయేది. రోజులు లెక్కవెట్టుడు బంజెయ్. లోపల ఎట్ల కదులుతున్నదో జర చూస్కో."

ఆనాటి నుంచి రోజూ బిడ్డ కదలికల గురించే అడిగేది.

గడువు దాటిన మూడో రోజు మధ్యాహ్నం, "ఇవాళ బుద్ధిగా పడుకుందండీ, పొద్దుటి నుంచి పెద్దగా కదల్లేదు" అన్నాను నవ్వుతూ. ఆవిడ నవ్వలేదు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేసింది.

"చెప్పులేస్కో, పోదాం."

"నొప్పులే లేవు కదా! మళ్లీ పంపేస్తారు."

"పంపిస్తే మంచిదే. నవ్వుకుంట వద్దాం."

సాయంత్రం షూటింగుకు అందాల్సిన లంగాలు బల్ల మీదే వదిలేసి ఆటో ఆపింది.

బిడ్డ గుండె చప్పుడు విన్న డాక్టరు ముఖం మారింది. గంటలోపే ఆపరేషన్. బక్కగా, కోపంగా ఏడుస్తూ మా అమ్మాయి పుట్టింది. "రేపటిదాకా ఆగకపోవడం మంచిదైంది" అంది డాక్టరు.

దుస్తులు ఆలస్యమయ్యాయని కాస్ట్యూమర్ యాదమ్మకు చాలా రోజులు పని ఇవ్వలేదట. నెలల తర్వాత పక్కవాళ్లు చెబితే తెలిసి, పరుగున కిందికి వెళ్లి అడిగాను. "గదేం పెద్ద ముచ్చట!" అంటూ ఒళ్లో ఉన్న మా పాప కాళ్లకు నూనె రాస్తూనే ఉంది.

ఇప్పుడు నా కింద చాలామంది పనిచేస్తున్నారు. అడిగింది తెలియకపోతే తెలియదనే అంటాను, మొహమాటపడను. కానీ ఎవరైనా వచ్చి ఏదో తేడాగా ఉందంటే, చేతిలో ఎంత పని ఉన్నా లేచి నిలబడతాను.