భిక్షపతి మూసిన హీటర్లు

భిక్షపతి గురించి మంచిగా చెప్పమంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇరవై రెండేళ్ళుగా మా ఇద్దరివీ పక్కపక్క షట్టర్లు. ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డుకి మళ్ళేచోట నాది కార్ల స్పేర్ పార్టుల షాపు. వెనక ఖాళీ జాగాలో యాక్సిడెంటు బళ్ళు కొని, విడదీసి అమ్ముతుంటాను. అతనిది రేడియేటర్లు, ఏసీలు బాగుచేసే షెడ్డు. అవసరం లేని పని తను చెయ్యడు, ఇంకొకణ్ణి చెయ్యనివ్వడు. ఎవరైనా కొత్త రేడియేటర్ కొందామని నా షాపు మెట్టెక్కితే చాలు, "కొనకు సార్, జర ఆగు, గిది అతుకేస్తే నడుస్తది" అని వెనక నుంచి కేకేసేవాడు. నా బేరాలు ఎన్ని చెడగొట్టాడో! నేను తిట్టేవాణ్ణి, అతను నవ్వేవాడు. పదకొండింటికి మాత్రం ఇద్దరం కలిసి వన్ బై టూ చాయ్ తాగేవాళ్ళం.

భిక్షపతి నల్లగొండ పల్లె నుంచి పదహారేళ్ళకు వచ్చి, మలక్‌పేటలో ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాడు. "గిరాకీ జేబు చూడకు, బండి చూడు అన్నడు సేటూ మా ఉస్తాద్" అని నాకు వందసార్లు చెప్పి ఉంటాడు. ఆ ఒక్క మాట పట్టుకుని బతికాడు. తుర్కయంజాల్‌లో రెండు గదుల ఇల్లు, భార్య కిష్టమ్మ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా, ఈ షెడ్డు. అతని లోకమంతా ఇంతే.

కారులో వెచ్చటి గాలి వచ్చే హీటర్ కాయిల్ డ్యాష్‌బోర్డు లోపల ఎక్కడో అడుగున ఉంటుంది. ఇంజిన్ దగ్గర కాగిన నీళ్ళు ఒక పైపులోంచి దాంట్లోకి వెళ్ళి ఇంకో పైపులోంచి తిరిగొస్తాయి. ఆ కాయిల్ కారడం మొదలుపెడితే డ్యాష్‌బోర్డంతా ఊడదీయాలి. రెండు రోజుల పని. పైగా ఒకసారి ఊడదీసిన డ్యాష్‌బోర్డు ఆ తరవాత జన్మంతా కిర్రుమంటూనే ఉంటుంది. అందుకని భిక్షపతి ఆ రెండు పైపులనూ కాయిల్ నుంచి పీకి, ఒకదానికొకటి కలిపి క్లిప్పులు బిగించేసేవాడు. అరగంటలో అయిపోయేది. కారడం ఆగేది, హీటర్ మాత్రం ఇక ఎప్పటికీ పనిచెయ్యదు.

"హైద్రాబాద్‌ల హీటర్ ఎవరేస్తరు సార్?" అనేవాడు. ఎవరూ కాదనలేదు. ఎందుకంటారు? తొమ్మిది నెలలు ఏసీ వేసుకుని, మూడు నెలలు స్వెట్టర్ వేసుకుని తిరిగే ఊరు ఇది. మెకానిక్కులందరూ చేసే పనే. ఇతను మాత్రం ఒక్కో పైపుకి రెండేసి క్లిప్పులు వేసేవాడు, మరలు పైకి కనపడేట్టు. రేపు ఎవరైనా విప్పాలంటే ఇబ్బంది పడకూడదట. ఆ క్లిప్పులూ, మధ్యలో కలిపే గొట్టం ముక్కా నా షాపులోవే.

రెండేళ్ళ కిందట, మే నెలలో హరిప్రసాద్ బండి వచ్చింది. వాళ్ళది పోచంపల్లి. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు, ఇల్లూ అక్కడే. ముందు సీట్లో కూర్చుంటే భార్య సుప్రియ కాళ్ళ కింద మ్యాట్ తడిసిపోతోందని తెచ్చాడు. భిక్షపతి ఎప్పుడూ అనే మాటే అన్నాడు, ఎప్పుడూ చేసే పనే చేశాడు. హరిప్రసాద్ ఎంత సంతోషపడ్డాడంటే, మర్నాడే "వదినకు ఇయ్యి అన్నా" అని ఒక ఇక్కత్ చీర తెచ్చిచ్చాడు.

మొన్న జనవరిలో ఆ దంపతులు సూర్యాపేటలో పెళ్ళికని తెల్లవారుతుండగా బయల్దేరారు. హయత్‌నగర్ దాటాక దట్టంగా పొగమంచు. రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దారు. హరిప్రసాద్ అక్కడికక్కడే పోయాడు. సుప్రియకు కాలు విరిగింది.

ఇదంతా మాకు తెలియదు. మార్చిలో ఆ బండిని నేనే కొన్నాను, ఎవరిదో తెలియకుండానే. ఏమైనా పనికొచ్చేవి మిగిలాయేమో చూడమని భిక్షపతిని పిలిచాను. ముందు భాగం నుజ్జునుజ్జయి ఉంది. అతను వంగి ఇంజిన్ వెనక్కి చూసి, అలాగే ఉండిపోయాడు. రెండుసార్లు పిలిచాను. విసుక్కుంటూ వెళ్ళి నేనూ తొంగి చూశాను. కలిపిన పైపులు చెక్కుచెదరలేదు. రెండేసి క్లిప్పులు, మరలు పైకి.

"హరిప్రసాద్ సార్ బండి" అన్నాడు. ఆ రోజు చాయ్‌కి రాలేదు.

వారం తిరక్కుండా సుప్రియ వచ్చింది, చేతికర్రతో, ఆటోలో. బండి నా దగ్గరుందని కనుక్కుని వచ్చిందట, దాంట్లో ఆయన కళ్ళజోడు ఉండిపోయింది, తీసుకుపోతానంది. భిక్షపతి సీటు కింద చెయ్యి పెట్టి వెతికి తీసిచ్చాడు. ఆమె దాన్ని కొంగులో పెట్టుకుని, వెళ్ళకుండా నిలబడింది.

"అన్నా, నువ్వు మెకానిక్‌వి గదా. ఒక్క మాట నిజం చెప్పు. ఆ పొద్దు నాకు జొరముండె. అద్దానికి లోపల ఆవిరి పడుతున్నదని ఆయన ఏసీ ఏసిండు. నేను చలికి ఓర్సుకోలేక బంద్ చెయ్యమన్న. బంద్ చేసిండు. దస్తీతోని అద్దం తుడుసుకుంటనే నడిపిండు. గట్ల తుడుస్తున్నప్పుడే గుద్దింది." కొంగులో ఉన్న కళ్ళజోడు గట్టిగా పట్టుకుంది. "మా అత్తమ్మ నాతోని మాట్లాడ్తలేదు. నీ చలికి నా కొడుకును తింటివి అని ఒక్కసారే అన్నది. మల్ల మాట లేదు. నిజంగ నేను ఏసీ బంద్ చేపిచ్చినందుకేనా అన్నా?"

భిక్షపతి పెదవులు కదిలాయి. ఏం చెప్పబోతున్నాడో నాకు అర్థమైపోయింది.

"అబ్బే, అదేం కాదమ్మా!" అన్నాను గబగబా. "అంత పొగమంచులో ఎవరేం చేస్తారు? ఏసీకీ దానికీ ఏం సంబంధం లేదు. ఆయన రాత అలా ఉంది."

ఆమె నా వంక చూడలేదు. భిక్షపతినే చూసింది. అతను తల దించుకున్నాడు. దాంతో ఆమె, తప్పు తనదేనన్న జవాబు దొరికినట్టు, వెళ్ళిపోయింది. ఆ కర్ర చప్పుడు ఆటో దాకా వినపడుతూనే ఉంది. అయినా నేను వెనక్కి పిలవలేదు.

"ఎందుకాపినవ్ సేటూ?" అన్నాడు ఆటో కదిలాక.

"నీకేమైనా పిచ్చా? పోలీసులు, కోర్టులు, షెడ్డుకి తాళం. ఊరంతా చేసే పని నీ ఒక్కడి తప్పెలా అవుతుందయ్యా?"

"ఊరంత చేస్తే చేయనీ. నేను చేసినదానికి ఆ పిల్ల మాట పడుతున్నది."

అప్పటి నుంచి అతను మామూలు మనిషి కాలేదు. హీటర్ కారుతోందని ఎవరైనా వస్తే "మూసుడు నాతోని కాదు" అని పంపేసేవాడు. బడంగ్‌పేట్ క్యాబ్ డ్రైవర్ ఒకడు బతిమాలితే, రెండు రోజులు కూర్చుని డ్యాష్‌బోర్డంతా విప్పి కొత్త కాయిల్ వేసి ఇచ్చాడు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. "ఏప్రిల్‌లో హీటరా, బాగుందయ్యా వ్యాపారం!" అని వెక్కిరించాను. నవ్వుతాడేమోనని అన్నాను. నవ్వలేదు.

ఒక ఆదివారం పొద్దున తలకి స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని నా షాపు ముందు నిలబడ్డాడు. "దిల్‌సుఖ్‌నగర్ పోతున్న" అన్నాడు. ఎలాగైనా ఆపుదామని బండి ఎక్కించుకున్నాను. దారంతా చెబుతూనే ఉన్నాను. చైతన్యపురి దాటింది, నా మాటలూ అయిపోయాయి.

రెండో అంతస్తులో ఇల్లు. హరిప్రసాద్ తల్లి రాజమ్మ కుర్చీలో ఉంది, కొడుకు ఫొటోకి ఎదురుగా. సుప్రియ వంటింటి గడప దగ్గర చిన్న స్టూలు మీద. ఇద్దరి మధ్యా గదంతా ఖాళీ, అయినా దాన్ని దాటి ఒకరి దగ్గరికి ఒకరు వెళ్ళేట్టు లేరు. కూర్చోమన్నా భిక్షపతి కూర్చోలేదు.

"అమ్మా, కోడలు ఏసీ బంద్ చేపిచ్చిందని అంటున్నవట. చేపిచ్చినా ఏం కాకపోతుండె. బండికి హీటర్ ఉంటది. దాని ఏడి గాలి అద్దానికి తాకితే ఆవిరి నిలువది. ఆ హీటర్ మూసింది నేను. సార్‌కు అక్కరలేదని చెప్పింది నేనే. బిడ్డ తప్పు లేదు తల్లీ. నాది."

సుప్రియే ముందు అడిగింది, చిన్న గొంతుతో.

"హీటర్ ఉంటే... లోపల ఎచ్చగుంటుండెనా అన్నా?"

"ఉంటుండె బిడ్డా."

"నాకు చలి పెట్టకపోతుండెనా?"

"పెట్టకపోతుండె."

"అయితే ఏసీ బంద్ చెయ్యమని నేను అడిగేదే లేకుండె గదా?"

ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను అలాంటి ఏడుపు వినలేదు, మళ్ళీ వినలేను.

రాజమ్మ గోడ పట్టుకుని లేచింది. గది దాటి వెళ్ళి, కోడలి తలను తన పొట్టకి అదుముకుంది. "మూడు నెల్లు నిన్ను గోస పెట్టిన బిడ్డా" అంది. ఇద్దరూ అలాగే ఉండిపోయారు. కాసేపటికి తల తిప్పి భిక్షపతితో అంది: "నువ్వు పో నాయనా. తిట్టే శక్తి నాకు లేదు. మల్ల మా గడప తొక్కకు."

అతను చేతులు జోడించి దిగిపోయాడు. నేను అక్కడే ఉన్నాను. ఆ క్లిప్పులు నావని చెప్పాలి. అతను నిజం చెప్పబోతే ఆ రోజు నోరు నొక్కింది నేనేనని చెప్పాలి. ఎప్పుడూ ఆగని నా నోరు అక్కడ పెగల్లేదు. సుప్రియ అత్త పొట్ట మీంచి తల ఎత్తి నన్ను చూసింది. గుర్తుపట్టింది.

"నువ్వెవరు బిడ్డా?" అంది రాజమ్మ.

"తోడుగా వచ్చానమ్మా."

"పాపం, ఎండల నిన్ను గూడ తిప్పిండా. ఉండు, నీళ్ళు తాగి పో."

తనే వంటింట్లోకి వెళ్ళి, చల్లటి నీళ్ళు గ్లాసులో తెచ్చిచ్చింది. సుప్రియ నన్నే చూస్తోంది. నేను గ్లాసు అందుకుని, మొత్తం తాగాను.