తడిసిన కథల పుస్తకం

మూడు రోజులుగా నలభై ఏళ్ల డైరీలు సర్దుతున్నాను, చేతులు అలసిపోయాయి. ఒకదానిలోంచి తడిసి ఆరిన కాగితం వాసన వచ్చింది.

1957లో, నా తొమ్మిదో ఏట, తిరుత్తణిలో మా చర్చి టీచరమ్మ నాకొక కథల పుస్తకం ఇచ్చారు. అక్కడి తమిళ పుస్తకాల మధ్య తెలుగుది అదొక్కటే. అందులో ఒక పనిపిల్ల యజమాని కుండ పగలగొట్టి పారిపోతుంది. ఆయన కుండ సంగతి వదిలేసి, పిల్లను వెతుకుతూ వెళతాడు.

"ఇది ఏ ఏడు జరిగినాది టీచర్? ఏ ఊర్లో?"

"జరగలేదు పాపా. యేసయ్య ప్రేమ ఎట్లుంటాదో చెప్పేదానికి అల్లిన కథ."

అయితే అబద్ధమే అనుకున్నాను.

ఆ వారమే పుస్తకం వానలో తడిసి, అక్షరాలు చెరిగిపోయాయి. ఇక నన్ను చర్చిలోకి రానివ్వరని మూడు ఆదివారాలు ఇల్లు కదల్లేదు. నాలుగో ఆదివారం, ఆగస్టు 18న, ఆరాధన కాగానే టీచరమ్మే మా ఇంటికి వచ్చారు. నేను తలుపు వెనక నక్కాను.

"యాడుండావు పాపా?"

"పుస్తకం పాడైపోయినాది టీచర్..."

"పుస్తకాన్ని ఎవురడిగినారు? నిన్ను ఎతుక్కుంటా వచ్చినా."

తేదీ లేని మాటను నేను ఇప్పటికీ నమ్మను. ఆ కథకు మాత్రం తేదీ, ఊరు రెండూ నా దగ్గర ఉన్నాయి.