అంబలి కుండ పక్కన సబ్బు

మా మేనత్త పోయిందని చంద్రగిరి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను చేతులు కడుక్కుంటున్నాను. కల్పించి చెబుతున్నానని అనుకోవద్దు. ఆమె చేతి కింద పెరిగినవాళ్ళు రోజులో సగంసేపు ఆ పనిలోనే ఉంటారు.

బడి నుంచి రాగానే ఆమెకు చేతులు చాపి చూపించాలి. గోళ్ళ సందుల్లో మట్టి కనిపిస్తే అన్నం లేదు. వానలు మొదలైతే కాచిన నీళ్ళే. పంచాయతీ వాళ్ళు ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ కలిపిన రోజు, వాసనొస్తోందని వీధంతా నీళ్ళు పారబోసేది. అత్త మాత్రం మందు పడిందనడానికి ఆ వాసనే గుర్తని బిందెలు నింపుకునేది. ఆమెతో వేగడం కష్టమే.

తొంభైల్లో ఒక వానాకాలం వీధిలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అత్త చిన్న కూతురు అందులో పోయింది. మరుసటి వేసవిలో గంగమ్మ జాతరకు ఎప్పటిలాగే ఇంటి ముందు అంబలి పోయాలి. అది వాళ్ళింటి మొక్కు. మా వైపు అంబలిని చాలామంది దోసిట్లో పట్టి తాగుతారు. ఆ ఏడు అత్త కాచి చల్లార్చిన నీళ్ళతో అంబలి కలిపి, కుండ పక్కన బకెట్టూ సబ్బూ పెట్టి, చేతులు కడిగితేనే పోస్తానంది.

అమ్మవారి అంబలికి ఈ ఆంక్షలేమిటని కొందరు వెనక్కి తిరిగారు. కులం చూసి కడగమంటోందని ఇంకొందరు అనుకున్నారు. కూలికి పోయే చివరింటి పెద్దాయన అయితే ఎదురుగా నిలబడి అడిగేశాడు.

"ఏమ్మా, మా చేతులంటే నీకంత రోతా?"

మొక్కూ తప్పేట్టుంది, వీధితో పొత్తూ చెడేట్టుంది. అత్త గరిటె పక్కన పెట్టింది.

"రోత నీ చేతులది గాదు మామా. నా బిడ్డకు కడసారి ముద్ద పెట్టింది ఈ చెయ్యే. ముందు దీన్ని కడుగుతాను, సూడు."

మోచేతుల దాకా కడుక్కుని, ఆ తర్వాత ఆయన చేతుల మీద తానే నీళ్ళు పోసింది. ఆయన రుద్దుకుని దోసిలి పట్టాడు. వెళ్ళిపోయినవాళ్ళలో సగం మంది తిరిగొచ్చారు.

ఆ వీధికి రోగం మళ్ళీ రాలేదని చెప్పను, వచ్చింది. అయితే దాచుకోకుండా ఆస్పత్రికి పోవడం, పిల్లలకు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తాగించడం అలవాటయింది. దానికి అత్త నసే కారణమని నా నమ్మకం.

పెద్దకర్మ భోజనాలకు వెళ్ళాను. బకెట్టు సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. వాకిట్లో చూస్తే ఉంది. నడుం వంగిపోయిన చివరింటి పెద్దాయన స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్ళ చేతుల మీద చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. నా వంతు రాగానే గోళ్ళ సందులు చూసి, "ఇంకోసారి రుద్దుకో పాపా" అన్నాడు.

అప్పటిదాకా రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది. కళ్ళు తుడుచుకుందామంటే చేతుల నిండా నురగే.