చుట్టం కాదు, కిరాయిదారు

దమయంతి చిక్కడపల్లిలో చిన్న వాటాలో ఉంటూ జాకెట్లు కుట్టేది. గిరాకీ అంతా ఆ గల్లీదే. 1994లో ఇంటిపన్ను పెరిగిందంటూ ఇంటాయన ఉమాకాంత్ కిరాయి పెంచాడు, కట్టకపోతే ఖాళీ చేయమన్నాడు. ఉప్పల్ దాటితే ఇల్లు చవకే. చవక ఇల్లు చూపించేవాళ్లు అక్కడ పని ఎవరిస్తారో మాత్రం చెప్పరు.

అంతలో పన్ను లెక్కకు మున్సిపాలిటీ మనిషి గల్లీలోకి వచ్చాడు. సొంతానికి వాడుకునే ఇంటికి పన్ను తక్కువ. అందుకే ఆ రోజు గల్లీలో కిరాయిదార్లందరూ చుట్టాలైపోవడం ఆనవాయితీ.

“జర మా చెల్లెనని చెప్పమ్మా,” అన్నాడు ఉమాకాంత్.

“చెల్లె దగ్గర కిరాయి తీసుకుంటరా అన్నా? రాఖీకి చీర కూడ పెట్టలే మీరు.”

“నవ్వులాట కాదు. ఇన్నేండ్లు సొంతానికే అని రాయించి తక్కువ కడుతున్న. కిరాయికున్నరని రాస్తే పన్ను పెరుగుతది.”

“అంటే మీరు కట్టని పన్ను పేరు చెప్పి నా కిరాయి పెంచిన్రా?”

మున్సిపాలిటీ మనిషి గుమ్మంలోకి రాగానే దమయంతి మిషన్ ఆపింది. “నేను కిరాయిదారుని సార్. పేరు రాసుకోండి.”

అతను వెళ్లాక ఉమాకాంత్ ముఖం మాడ్చుకున్నాడు. “ఇగ ఖాళీ చెయ్యి.”

“సర్కారు కాగితంల కిరాయిదారునని నా పేరుంది, ఇగ కోర్టు చెప్పకుండ ఖాళీ చేయించలేరు. కిరాయి ఎంతనో కోర్టునే అడుగుదాం, పదండి.”

ఉమాకాంత్ కోర్టుకు పోలేదు. ఒకటో తారీఖున పాత కిరాయే తీసుకుని, మొదటిసారి రసీదు ఇచ్చాడు.