పేరు రాయని కేసు

ఫైనలియర్ సైకాలజీ పిల్లలకు సెమిస్టర్ ప్లాన్ రాసే పని నా చేతికి వచ్చినప్పుడు ఎగిరి గంతేశాను. సిలబస్ యూనివర్సిటీ ఇస్తుంది. ఏ వారం ఏం చెప్పాలి, ఇంటర్నల్ మార్కులు దేనికివ్వాలి అన్నది మాత్రం మా ఇష్టం. నేను కొత్తగూడెం కాలేజీలో చేరేనాటికి అక్కడి పిల్లలు గైడు కొనుక్కుని, ఆందోళనకు నిర్వచనం, కుంగుబాటుకు ఐదు లక్షణాలు బట్టీ పట్టి రాసేవారు. పక్కన కూర్చున్న మనిషి వణుకుతున్నా గుర్తుపట్టేవారు కాదు. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది.

అందుకని ప్లాన్‌లో కేస్ స్టడీ ఒకటి పెట్టాను. ఇంట్లోనో వాడలోనో ఒక మనిషిని ఎంచుకోవాలి, రెండు వారాలు ఓపిగ్గా వినాలి, విన్నది రాయాలి, క్లాసులో ఇరవై నిమిషాలు చదివి వినిపించాలి. పేరు రాయకూడదు, కులం రాయకూడదు, ఊరు రాయకూడదు. ఈ మూడు షరతులూ బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, ఇంతకన్నా జాగ్రత్త ఎవరు తీసుకుంటారులే అనుకున్నాను.

స్టాఫ్ రూములో నా ఎదురు కుర్చీ కామర్స్ సారుది. బొగ్గు గనుల క్వార్టర్లలోనే పుట్టి పెరిగిన మనిషి. ప్లాన్ అంతా చదివి కాగితం నా వైపు జరిపారు.

“రాయించుండ్రి మేడం, మంచిదే. చదివించుడు మాత్రం వద్దు. మీరొక్కరే చూసుకోండ్రి.”

“పేర్లుండవు కదండీ.”

“ఇక్కడ పేరెవడికి గావాలె?” అన్నారాయన.

నాకు రోషం వచ్చింది. లెక్కలు చెప్పుకునే ఈయన నాకు సైకాలజీ నేర్పుతారా అనుకున్నాను. మాది ఎర్రుపాలెం వైపు, పొలాల ఊరు. అక్కడ ఇంటిపేరూ పేరూ చెబితే తప్ప మనిషెవరో తేలదు. ఆ ధీమాతోనే వెళ్ళి ప్రిన్సిపాల్ చేత సంతకం చేయించుకున్నాను.

చదివి వినిపించడం మొదలైన మొదటి వారం అడవి వైపు ఊళ్ళ నుంచి బస్సుల్లో వచ్చే పిల్లలు చదివారు. తాగుడు మానలేని మేనమామ, కాన్పయ్యాక ఎవరితోనూ మాట్లాడని వదిన. మిగతా పిల్లలకు వాళ్ళెవరో తెలియదు, ఏ ఇబ్బందీ రాలేదు. కామర్స్ సారు ఎదురుపడితే తల ఎగరేసి నడిచాను.

రెండో వారం ఒక అమ్మాయి లేచింది. క్లాసులో అందరికన్నా నెమ్మదస్తురాలు. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి.

“కేసు వయసు యాభై రెండు. అండర్‌గ్రౌండ్‌ల పని. మూడో లైను, బోరింగు ఎదురుంగ, చివరి క్వార్టరు.”

బెంచీల మీద గుసగుసలు ఆగిపోయాయి. నాకు అప్పుడు తెలిసింది. గని క్వార్టర్ల కాలనీలో మనిషికి ఆనవాలు పేరు కాదు. ఫలానా లైను, ఫలానా క్వార్టరు. పెళ్ళి పిలుపులైనా కొట్లాటలైనా దాంతోనే. ఆ పిల్ల నా మూడు షరతులూ తు.చ. తప్పకుండా పాటించింది. చదువుతున్నది వాళ్ళ నాన్న గురించేనని క్లాసులో సగం మందికి మొదటి ముక్కలోనే అర్థమైపోయింది.

ఆపాల్సింది. ఆపలేదు. ఆ పిల్ల రాసిన కేసు రికార్డు అంత బాగుంది మరి. ఏ ప్రమాదమూ జరగలేదట. ఆరు నెలల కింద ఒకరోజు గనిలోకి దిగుతుంటే గుండె దడదడలాడి ఊపిరి అందలేదట. అప్పట్నుంచి డ్యూటీ బస్సు చప్పుడు వింటే చాలు, అరచేతులు తడిసిపోతాయి. ముప్పై ఏళ్ళు చీకట్లో పనిచేసిన మనిషి ఇంట్లో లైటు ఆర్పనివ్వడు. నేను తల ఊపుతూ, మనసులో మార్కులు వేసుకుంటూ, నా ప్లాన్ పండిందని మురిసిపోతూ కూర్చున్నాను.

“అన్‌ఫిట్ కోసమా ఏంది?” అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు. నలుగురు నవ్వారు.

గని పనికి పనికిరాడని డాక్టర్లు తేలిస్తే ఆ ఉద్యోగం పిల్లలకు వస్తుంది. అందుకే ఇక్కడ ఒకరికి జబ్బంటే, దాని వెనకే అనుమానం బయల్దేరుతుంది. ఆయనకున్నది ఈ ఒక్క కూతురే. నేను గట్టిగా అరిచాను. నవ్వు ఆగింది గాని మాట ఆగలేదు. సాయంత్రానికి మూడో లైను చేరింది.

మర్నాటి నుంచి ఆ పిల్ల కాలేజీకి రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. శనివారం మధ్యాహ్నం నేనే వెళ్ళాను. ఇల్లు ఎక్కడని ఎవర్నీ అడగాల్సిన పని లేకపోయింది, అడ్రసు క్లాసులో విన్నదే కదా.

వాళ్ళ నాన్న గుమ్మంలో కూర్చుని బూట్లు వేసుకుంటున్నారు. సెకండ్ షిఫ్టు. వేళ్ళు వణికి లేసు ముడి పడటం లేదు. కూతురు లోపల డబ్బాలో అన్నం సర్దుతోంది. నన్ను చూసి కూడా బయటికి రాలేదు.

“తప్పు నాదండీ,” అన్నాను. “మీతో నేనే దవాఖానాకు వస్తాను. డాక్టర్‌తో నేను మాట్లాడతాను. ఇది నయమయ్యేదే.”

“పోదామనే అనుకున్న మేడం. బిడ్డ ఒప్పిచ్చింది. సోమారం పోయేటోన్ని.” ఆయన లేసు వదిలేసి నా వంక చూశారు. “ఇప్పుడు పోతే ఏమంటరు? బిడ్డకు నౌకరి కోసం నాటకమంటరు. బస్సుల అప్పుడే అంటుండ్రు. అందుకే ఒక్క నాగా గూడ పెట్టలే. రోజూ దిగుతున్న.”

ఆరు నెలలు కడుపులో దాచుకున్న భయాన్ని ఆయన కూతురి ముందు విప్పి, డాక్టర్ దాకా వెళ్ళడానికి సిద్ధపడ్డారు. ఆ దారికి అడ్డం పడ్డది నేను.

కూతురు డబ్బా పట్టుకుని వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. గొంతులో మాత్రం ఏడుపు లేదు.

“మేడం, రికార్డుల ఆఖరి పేజీ ఖాళీగుంది. ప్రస్తుత పరిస్థితి రాయాలె గద. మా నాన్న రోజూ డ్యూటీకి పోతుండు. ఏం రాయాలె?”

సిగ్గుతో చచ్చిపోయాను. రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. ఆయన లేచి, అరచేతులు ప్యాంటుకు తుడుచుకుని, డబ్బా అందుకున్నారు.

“నయమైందని రాయి బిడ్డా,” అన్నారు. “గది గూడ క్లాసుల చదివియ్యమను.”