సాంచాల చప్పుడులో మోతీ పరీక్ష

జగిత్యాల నుంచి సిరిసిల్లకు దగ్గరి దారి వేరే ఉంది. నేను మాత్రం కోరుట్ల మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాను. ఎందుకంటే నాతో రావలసిన కుక్క కోరుట్లలో ఉంది. ఈ ప్రయాణంలో నా పని దొంగగా నటించడం. ఫొటో స్టూడియో నడుపుకునే నాకు ఈ పని అప్పగించింది మా ఆవిడ. నా ముఖం దొంగ వేషానికి సరిగ్గా సరిపోతుందని ఆమె అభిప్రాయం.

ఆవిడ తమ్ముడు శీను దుబాయిలో ఒక సెక్యూరిటీ కంపెనీలో ఏళ్ళ తరబడి కాపలా కుక్కలతో పనిచేసి, పోయినేడు కోరుట్లలో ఇంటికి వచ్చేశాడు. మోతీ అనే కుక్కపిల్లను కొని, అదే పనికి తర్ఫీదు ఇచ్చాడు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపించే రాజేశం సేటు షెడ్లలో ఈమధ్య నూలు దొంగతనాలు జరుగుతున్నాయి. కుక్క పని నచ్చితే శీనును కాపలాకు పెట్టుకుంటానన్నాడు సేటు. నచ్చకపోతే శీను మళ్ళీ దుబాయి విమానం ఎక్కాల్సిందే. వీసా తయారుగా ఉంది. పాస్‌పోర్టు శీను ఇస్తాడో లేదో ఈ సాయంత్రంలోగా చెప్పమన్నాడు ఏజెంటు.

"వాన్ని మల్ల పోనియ్యకు" అని మా ఆవిడ పులిహోర డబ్బా నా చేతిలో పెట్టింది.

ఏడు గంటల బస్సు ఎక్కాను. ఆడవాళ్ళకు బస్సు టికెట్ తీసేసినప్పటి నుంచి ఈ దారిలో సీటు దొరకాలంటే బస్టాండులోనే ఎక్కాలి. నా ఒళ్ళో జనపనారతో చేసిన మందపాటి చేతి తొడుగు ఉంది. కుక్క కరిచేది దాన్నే. చిరిగితే జగిత్యాలలో కుట్టించాను. పక్క సీటు పెద్దమ్మ దాన్ని విరిగిన చేతికి వేసే కట్టు అనుకున్నట్టుంది, చాలాసేపు చూసింది.

"చెయ్యి ఎట్ల ఇరిగింది కొడుకా?"

"ఇరగలేదమ్మా. ఇయ్యాల కుక్కతోటి కరిపిచ్చుకోవాలె. మా బామ్మర్ది కోసం."

"బామ్మర్ది అంటే గంతే మరి" అని ఆమె కిటికీ వైపు తిరిగింది.

కోరుట్లలో శీను, మోతీ బస్టాండు బయట నిలబడి ఉన్నారు. కుక్కను బస్సులో ఎక్కనివ్వరు కాబట్టి ఒక ట్రాలీ ఆటో మాట్లాడాం. కుక్కతో వెళ్ళేవాళ్ళు రానూపోనూ కిరాయి ముందే తేల్చుకోవడం మంచిది. డ్రైవర్ మల్లేశం మోతీని కిందికీ మీదికీ చూశాడు. "గిది ఊరకుక్క గాదె?" అన్నాడు. బెల్జియం జాతి కుక్క, కానీ గోధుమ రంగు ఒళ్ళు, నల్ల మూతి చూసి అందరూ అలాగే అంటారు. శీనుకు అలవాటైపోయింది. "కరిస్తె తెలుస్తది" అన్నాడు.

కథలాపూర్ దాటాక సగం రోడ్డు నిండా మక్కజొన్న గింజలు ఆరబోసి ఉన్నాయి. మల్లేశం నెమ్మదిగా పోనిచ్చాడు. వెనక మోతీ పక్కన కూర్చుని, కాపలా కుక్కలకు ఏ దేశంలో ఏ పరీక్ష ఉంటుందో శీనుతో చెప్పించుకున్నాను.

"జర్మనోళ్ళ దగ్గర దొంగ కదలకుంట నిలబడితె కుక్క మొరగాలె గని కరవొద్దు. ఉరికితెనే కరవాలె. గది గుడ తొడుగునే. ఇడువుమంటె ఒక్క మాటకు ఇడువాలె."

"ఫ్రాన్సోళ్ళది?"

"ఆళ్ళ దొంగ ఒంటినిండ మందం సూటు ఏసుకుంటడు. కుక్క కాళ్ళు గుడ పడ్తది."

మేము జర్మనీ పద్ధతిలో పోతున్నందుకు నా ప్రాణం కుదుటపడింది.

"మా దుబాయి కంపెనీల నేను దగ్గరికి పోయేదాంక ఇడువద్దు. అన్నిట్ల కష్టం జర్మనోళ్ళదే బావా. నోటి మాట తప్ప ఇంకోటి ఉండొద్దు. చెయ్యి ఊపితె మార్కులు పోతయి, తల ఊపినా పోతయి."

దుబాయిలో ఉన్నప్పుడు ఆ జర్మనీ పరీక్ష నెగ్గిన రోజు ఫొటో ఫోన్‌లో చూపించాడు. రకరకాల దేశాలవాళ్ళ మధ్య మా శీను రెండు చేతులూ తొడలకు ఆనించి గుంజలా నిలబడి ఉన్నాడు. నిజం చెప్పాలంటే ఆ ఫొటో చూసి నాకు చాలా గర్వమనిపించింది.

వేములవాడలో మల్లేశం గుడిలో మొక్కి వస్తానని వెళ్ళి అరగంట చేశాడు. ఆలోగా పులిహోర తిన్నాం. శీను రెండు ముద్దలకే చాలన్నాడు.

సిరిసిల్ల చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రాజేశం సేటు లుంగీ, బనియనుతో ఎదురొచ్చి చాయ తాగించాడు. మొదటి పరీక్ష షెడ్డు బయట ఖాళీ జాగాలో. నేను తొడుగు వేసుకుని గోడ వెనక నక్కాను. మోతీ వచ్చి మొరిగింది, కరవలేదు. నేను పరుగెత్తగానే చేతికి వేలాడింది. శీను చేతులు తొడలకు ఆనించి "ఔస్" అన్నాడు. వదులు అనే ఆ జర్మన్ మాటకు మోతీ టక్కున వదిలేసింది. చూడ్డానికి వచ్చిన కార్మికులు చప్పట్లు కొట్టారు.

"మంచిగున్నది" అన్నాడు సేటు. "ఇగ లోపల చూపెట్టు. అది పనిజేసేది ఆడనే గద."

లోపల సాంచాలన్నీ నడుస్తున్నాయి. నా మాట నాకే వినిపించలేదు. నూలు మూటల వెనక నుంచి లేచి పరుగెత్తాను, మోతీ పట్టుకుంది. శీను నోరు కదిలింది, మోతీ వదల్లేదు. మళ్ళీ కదిలింది, వదల్లేదు. శీను మెడ నరాలు ఉబ్బేలా అరుస్తున్నాడు, చేతులు మాత్రం తొడల మీది నుంచి లేవడం లేదు. తొడుగు కుట్టు పట్టుమని తెగింది. నాకు భయమేసింది. చివరికి శీనే వచ్చి మెడపట్టీ పట్టుకుని విడిపించాడు.

బయటికి వచ్చి అతను కుక్క తాడును చేతికి చుట్టుకున్నాడు. "ఫెయిల్ సేటు. ఏ దేశంల ఐనా ఇది ఫెయిలే."

"నీ మాట నాకు గుడ ఇనబడలె. కుక్కకేం ఇనబడ్తది?" అన్నాడు సేటు. "నేను లోపల ఎవన్నీ నోటితోటి పిలువ. చెయ్యి ఊపుత, అస్తడు. నువ్వెందుకు ఊపలె?"

"ఊపితె మార్కులు పోతయి సేటు."

"ఈడ ఎవలు కోస్తరు?"

నెల రోజుల తర్వాత కుక్కను మళ్ళీ తెమ్మన్నాడు సేటు. పని ఇస్తాననలేదు, ఇవ్వననీ అనలేదు.

తిరుగు ప్రయాణం మొదలైంది. ఇంటికెళ్ళి మా ఆవిడకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. రుద్రంగిలో చాయకు ఆగాం, పొద్దు వాలుతోంది. శీను మోతీని రోడ్డు పక్కన నిలబెట్టి, ఎదురుగా నిలబడి, చెయ్యి లేపబోయి ఆగిపోయాడు.

"చెయ్యి లేస్తలేదు బావా. గిన్నేండ్లు కదపకుంట నిలబడుడే నేర్చుకున్న."

"మెల్లగ లేపు. చూసేది నేనూ, మల్లేశమే గద."

లేపాడు. అరచేయి చాచి, ఆ వెంటనే పడుకోమని చెప్పాడు. మళ్ళీ చెయ్యి, మళ్ళీ మాట. మా చాయలు అయిపోయి, మల్లేశం రెండోసారి తెప్పించుకున్నాడు. అప్పుడొకసారి చెయ్యి లేచింది, ఇంకా మాట రాకముందే మోతీ నేల మీద పడుకుంది. దేశదేశాల పరీక్షల గురించి విన్నాక అన్నిటికంటే కష్టంగా తోచింది నాకు సిరిసిల్లదే. శీను దానికి తయారీని రోడ్డు పక్కనే మొదలుపెట్టడం నా కళ్ళతో చూశాను.

అతని జేబులో ఫోన్ మోగింది. ఎడమ చేత్తో తీసి చూసుకున్నాడు. ఏజెంటు. కుడి చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది, మోతీ దాన్నే చూస్తోంది. ఫోన్ నాకు అందించాడు.

"నువ్వే చెప్పు బావా. నా చెయ్యి కాలీ లేదు."

శీను రావడం లేదని చెప్పాను. ఇక్కడేమైనా పని దొరికిందా అని అడిగాడు ఏజెంటు. గాలిలో ఉన్న శీను చెయ్యి చూస్తూ, దొరికిందన్నాను.